జోంగ్‌ఖా, స్లొవీన్... మధ్యలో మా తెలుగు

మా తరగతిలో భాషల మీద ఒక ప్రాజెక్టు ఇచ్చారు. టీచరుగారు భాషల పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేశారు. ఒక్కొక్కరం రెండు చీటీలు తీసి, వచ్చిన రెండు భాషలను పోల్చి చార్టు తయారు చేయాలి. నా పక్కన కూర్చునే అమ్మాయికి తమిళం, బెంగాలీ వచ్చాయి. నాకు జోంగ్‌ఖా, స్లొవీన్ వచ్చాయి. మొదటిది మన పొరుగు దేశం భూటాన్ జాతీయ భాష. రెండోది ఐరోపాలోని స్లొవేనియా దేశపు భాష. ఆ రెండు పేర్లూ నేను అంతకుముందు విననే లేదు. చీటీలు మార్చుకుంటానని అడిగాను. కుదరదన్నారు.

మేము ఉండేది లింబాయత్‌లో. బాపు సాంచాల మీద పనిచేస్తారు. మా వీధిలో మరాఠీ, గుజరాతీ, హిందీ, ఒడియా, ఉర్దూ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. ఆ సాయంత్రం ప్రాజెక్టు సంగతి చెబితే బాపు నవ్వి, "మన తెలుగే నీకు సక్కగ రాదు, గా భాషలు నీకెందుకు బిడ్డా?" అన్నారు. బాపు నవ్వుతూనే అన్నారు కానీ నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ మాట నిజం. అంతకు వారం ముందే ఒక సంగతి జరిగింది.

ఊళ్ళో ఉన్న నానమ్మతో ఫోనులో మాట్లాడుతూ, "నానమ్మా, ఆదివారం మనం డుమస్ బీచికి పోతున్నాం" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నానమ్మ, "మనం అంటున్నవ్, నన్నెట్ల తీస్కపోతవ్ బిడ్డా? నేనీడ ఉన్న గదా" అంది. అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "అది మేము అనబోయి మనం అన్నదత్తా" అని సర్దిచెప్పింది. తప్పు ఎక్కడుందో నాకు అప్పుడు అర్థం కాలేదు. అది నాకు అర్థమైంది జోంగ్‌ఖా, స్లొవీన్ భాషల గురించి చదివినప్పుడే. అందుకే ఆ చార్టులో పట్టని విషయాలు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

చిన్న దేశాలు, చిన్న భాషలు

మొదట కొలతలు చూద్దాం. కచ్ జిల్లా విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. భూటాన్ దేశమంతా కలిపితే సుమారు 38 వేలు, స్లొవేనియా సుమారు 20 వేలు. అంటే రెండు దేశాలూ మన గుజరాత్‌లోని ఒక్క జిల్లా కంటే చిన్నవి. స్లొవేనియా జనాభా దాదాపు 21 లక్షలు. భూటాన్ జనాభా 7 లక్షల పైచిలుకు. 2011 జనగణనలో ఒక్క సూరత్ నగర జనాభాయే 44 లక్షలు దాటింది. అదే జనగణనలో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల మంది.

భూటాన్‌లో అందరి ఇంటి భాషా జోంగ్‌ఖా కాదు. ఆ చిన్న దేశంలో దాదాపు ఇరవై భాషలున్నాయి. జోంగ్‌ఖా పడమటి లోయల భాష. 'జోంగ్' అంటే కోట, 'ఖా' అంటే నోరు, మాట అని అర్థం. కోటల్లో, అంటే పాలన జరిగే చోట, మాట్లాడే భాష కాబట్టి ఆ పేరు. 1971లో దాన్ని దేశానికి జాతీయ భాషగా ప్రకటించారు.

లిపి ఒకరిది, చుట్టరికం ఇంకొకరిది

జోంగ్‌ఖాను టిబెటన్ లిపిలో రాస్తారు. ఆ లిపి పుట్టింది భారతదేశపు లిపుల నుంచే. అందుకే భూటాన్‌లో చిన్నపిల్లలు అక్షరాలు నేర్చుకునేటప్పుడు 'క ఖ గ ఙ' అనే మొదలుపెడతారు. మనకున్న 'ఘ' వాళ్ళకు లేదు, అంతే తేడా. మొత్తం ముప్పై హల్లులు, అచ్చుల కోసం నాలుగు గుర్తులు. మనం మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం. వాళ్ళు ఒక్కొక్క అక్షరఖండం తర్వాత చుక్క పెడతారు.

ఒక ఇబ్బంది ఉంది. రాసేదంతా పలకరు. 'ఎనిమిది' అనే మాటకు బ, ర, గ, య, ద అక్షరాలు రాసి, 'గె' లాంటి చిన్న మాట పలుకుతారు. వెనకటి కాలపు ఉచ్చారణ రాతలో నిలిచిపోయింది, నోరు మాత్రం ముందుకు వెళ్ళిపోయింది. పైగా గొంతు హెచ్చుగా పలికితే ఒక అర్థం, తగ్గించి పలికితే ఇంకో అర్థం వచ్చే మాటలున్నాయి.

స్లొవీన్‌ది రోమన్ లిపి. ఇరవై ఐదు అక్షరాలు. ఇంగ్లీషులోని నాలుగు అక్షరాలు లేవు. చ, ష, ఝ లాంటి ధ్వనుల కోసం నెత్తిన చిన్న కొక్కెం ఉన్న మూడు అక్షరాలు అదనంగా ఉన్నాయి.

లిపిని చూసి జోంగ్‌ఖా మనకు దగ్గరిది, స్లొవీన్ దూరపుది అనుకుంటాం. కానీ అంకెలు లెక్కపెట్టి చూడండి.

సంస్కృతం: ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి, పంచ.
గుజరాతీ: ఏక్, బే, త్రణ్, చార్, పాంచ్.
స్లొవీన్: ఎన, ద్వా, త్రీ, ష్తిరి, పేత్.
జోంగ్‌ఖా: చి, న్యి, సుమ్, ఝి, ఙ.
తెలుగు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

'ద్వా', 'త్రీ' వినగానే సంస్కృతం పీరియడు గుర్తుకు రావడం లేదూ? స్లొవీన్‌లో తల్లి 'మాతి', సోదరుడు 'బ్రాత్', సోదరి 'సెస్త్ర', నిప్పు 'ఓగెన్'. సంస్కృతంలో మాతృ, భ్రాతృ, స్వసృ, అగ్ని. సంస్కృతం, హిందీ, గుజరాతీ, మరాఠీ, ఇంగ్లీషు, స్లొవీన్ అన్నీ ఇండో యూరోపియన్ కుటుంబానివి. జోంగ్‌ఖాది చైనీస్, బర్మీస్, టిబెటన్ ఉన్న వేరే కుటుంబం. మన తెలుగు ఈ రెండింటికీ చెందదు. తమిళం, కన్నడం, గోండి లాంటివాటితో కలిసి అది ద్రావిడ కుటుంబం. అంటే లిపి చూస్తే ఒక చుట్టరికం, భాష చూస్తే ఇంకో చుట్టరికం. లిపి అరువు తెచ్చుకోవచ్చు. వ్యాకరణం మాత్రం ఇంట్లో పెద్దల నుంచి వస్తుంది.

జోంగ్‌ఖాలో పెద్ద సంఖ్యలకు ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇరవైని 'ఖె' అంటారు. నలభై అంటే రెండు ఖెలు, అరవై అంటే మూడు ఖెలు. హిందీలో ఇరవై వస్తువులను ఒక 'కోడీ' అనడం లాంటిదే.

పోలిక కనబడితే చాలదు

ఇక్కడ నేనొక పొరపాటు చేయబోయాను. జోంగ్‌ఖాలో చోటు చెప్పడానికి పేరు తర్వాత 'లు' చేరుస్తారు. 'థింఫూ లు' అంటే థింఫూలో, థింఫూకు అని. 'మన లో లాంటిదే, కాబట్టి చుట్టరికం ఉన్నట్టే' అని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసేశాను. ఇంకాస్త చదివితే జోంగ్‌ఖాలో 'లో' కూడా ఉందని, దాని అర్థం 'అట' అని తెలిసింది. మనకేమో 'లు' బహువచనం. ధ్వని కలిసింది గానీ అర్థాలు చెల్లాచెదురు.

ఒకటి రెండు చిన్న మాటలు కలిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. అంకెలు, చుట్టరికాల పేర్లు, క్రియల చివరి ప్రత్యయాలు వరుసగా కలిస్తేనే చుట్టరికం అని భాషా శాస్త్రవేత్తలు నమ్ముతారు. స్లొవీన్, సంస్కృతాల విషయంలో అలా కలుస్తాయి. జోంగ్‌ఖా, తెలుగుల విషయంలో కలవవు. ఆ వాక్యాన్ని కొట్టేశాను.

అయితే చుట్టరికం లేకపోయినా అలవాట్లు కలవవచ్చు. 'నేను అన్నం తింటాను' అన్నప్పుడు తెలుగులో క్రియ చివర వస్తుంది. జోంగ్‌ఖాలోనూ అంతే. స్లొవీన్‌లో 'యాజ్ యెమ్ రిజ్' అంటారు. వరసగా చూస్తే నేను, తింటాను, అన్నం. మనం 'సూరత్‌లో' అని పేరు తర్వాత విభక్తి పెడతాం. స్లొవీన్‌లో 'వ్ సూరతు' అంటారు. 'లో' అనే మాట ముందుకు వచ్చింది, ఊరి పేరు చివర కూడా మారింది. 'సూరత్ నుంచి' అనాలంటే 'ఇజ్ సూరత'. మన ఊరి పేరు కూడా వాళ్ళ వ్యాకరణం ప్రకారం వేషం మార్చుకోవలసిందే.

ఇద్దరికి వేరే లెక్క

స్లొవీన్‌లో నాకు బాగా నచ్చింది ద్విచనం, అంటే మనం ఆరో తరగతి నుంచి సంస్కృతంలో కంఠస్థం చేసే ద్వివచనం. పరీక్ష రాసి మరిచిపోయే ఆ ద్వివచనంతో స్లొవేనియాలో పిల్లలు ఈ రోజుకీ మైదానంలో ఆడుకుంటున్నారు. 'దేలామ్' అంటే నేను పని చేస్తాను. 'దేలావా' అంటే మేమిద్దరం పని చేస్తాం. 'దేలామో' అంటే ముగ్గురం, అంతకంటే ఎక్కువమందిమి పని చేస్తాం. దీని పక్కన గచ్ఛామి, గచ్ఛావః, గచ్ఛామః పెట్టి చదవండి. మి, వః, మః వరుస ఎలా కలుస్తోందో తెలుస్తుంది.

నామవాచకాలు కూడా అంతే. ఒక బల్ల 'మీజ', రెండు బల్లలు 'మీజి', మూడు బల్లలు 'మీజె'. ఒకప్పుడు ఆ కుటుంబపు భాషలన్నింటిలో ద్వివచనం ఉండేది. రష్యన్ వంటి పెద్ద భాషలు దాన్ని వదిలేసుకున్నాయి. హిందీ, గుజరాతీలలోనూ పోయింది. స్లావ్ భాషల్లో దాన్ని నిలబెట్టుకున్నవి స్లొవీన్, జర్మనీలో కొద్దిమంది మాట్లాడే సోర్బియన్. పెద్ద భాషలు పారేసుకున్న వస్తువును ఒక చిన్న భాష దాచిపెట్టింది. ఒక వింత ఏమిటంటే, కళ్ళు, చేతులు వంటి పుట్టుకతోనే జంటగా ఉండేవాటికి స్లొవీన్‌లో మామూలుగా బహువచనమే వాడతారు. సంస్కృతం అక్కడ కూడా ద్వివచనమే అంటుంది.

మరి తెలుగులో? ద్వివచనం లేదు. కానీ మనుషులను లెక్కపెట్టడానికి వేరే మాటలున్నాయి. రెండు బల్లలు, ఇద్దరు మనుషులు. మూడు సాంచాలు, ముగ్గురు కార్మికులు. 'రెండు అక్కలు' అంటే ఎవరైనా నవ్వుతారు. దానికి తోడు మనకు 'మేము', 'మనం' ఉన్నాయి. వినేవాళ్ళను వదిలి చెబితే మేము, వినేవాళ్ళను కలుపుకుని చెబితే మనం. స్లొవీన్‌కు 'ఎంతమందిమి?' అన్నది ముఖ్యం. తెలుగుకు 'నువ్వు మాతో ఉన్నావా, లేదా?' అన్నది ముఖ్యం.

నానమ్మతో నేను చేసిన తప్పు ఇదే. నేను రోజంతా హిందీలో 'హమ్' అంటాను, ఇంగ్లీషులో 'వుయ్' అంటాను. రెండింటిలోనూ ఆ తేడా లేదు. నా తెలుగులోనూ అది చెరిగిపోయింది. మా పక్కింటి మరాఠీ అమ్మాయి మాత్రం ఈ తప్పు ఎప్పుడూ చేయదు. మరాఠీలో 'ఆమ్హీ' అంటే మేము, 'ఆపణ్' అంటే మనం. గుజరాతీలో 'అమే' అంటే మేము, 'ఆపణే' అంటే మనం. ఆ రెండు భాషలకూ ఈ తేడా ద్రావిడ భాషల పొరుగున ఉండడం వల్ల అబ్బిందని పండితులు చెబుతారు. మన పొరుగువాళ్ళు జాగ్రత్తగా వాడుకుంటున్న దాన్ని నేను పోగొట్టుకున్నానన్నమాట.

తెలిసినది, అప్పుడే తెలిసినది

జోంగ్‌ఖాలో ఇంకో రకమైన సూక్ష్మం ఉంది. 'ఉంది' అనడానికి రెండు మాటలున్నాయి. ఒకటి 'యో', రెండోది 'దూ'. డబ్బాలో నేనే బెల్లం పెట్టాను, అది ఉందని నాకు ముందు నుంచీ తెలుసు. అప్పుడు 'యో' అనాలి. మూత తీసి చూసి, 'అరె, బెల్లం ఉందే' అనుకుంటే 'దూ' అనాలి. 'అవును, ఫలానాది' అని చెప్పే క్రియకు కూడా ఇలాగే 'ఇంగ్' అని ఒకటి, 'ఇమ్మె' అని ఇంకొకటి ఉన్నాయి. ఒకటి నాలో కలిసిపోయిన జ్ఞానానికి, ఇంకొకటి కొత్తగా కంటపడిన సంగతికి. ఆ మాట ఎలా తెలిసిందో చెప్పకుండా వాక్యం ముగించడం కష్టం.

మొదట ఇది చాలా విచిత్రం అనిపించింది. తర్వాత మా ఇంటి మాటలు గుర్తు చేసుకున్నాను. "రేపు సాంచాలు బందట" అంటారు బాపు. ఆ చివరి 'అట' చాలు. తాను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అని అర్థం. రేపు సాంచాలు నడిచినా బాపు అబద్ధం చెప్పినట్టు కాదు. ఇదే పనికి మరాఠీవాళ్ళు 'మ్హణే' అంటారు. జోంగ్‌ఖాలో ఇందాక చెప్పిన 'లో' ఉంది. ఫోనులో వచ్చే ప్రతి వార్తనూ నిజమని పంపించేసే ఈ రోజుల్లో, వాక్యం చివర ఒక 'అట' తగిలించడం మంచి అలవాటే అనిపించింది.

మర్యాద సంగతి కూడా చెప్పాలి. జోంగ్‌ఖాలో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాక్యం చివర 'లా' చేరుస్తారు. నమస్కారం చెప్పాలంటే 'కుజుజాంగ్‌పో లా'. మనం 'అండీ' చేర్చినట్టు, హిందీలో 'జీ' అన్నట్టు.

చిన్న భాషలు ఎలా నిలిచాయి?

స్లొవీన్ మాట్లాడే ప్రజలు వందల ఏళ్ళు హాబ్స్‌బర్గ్ రాజుల పాలనలో ఉన్నారు. కచేరీల్లో, పెద్ద చదువుల్లో జర్మన్‌దే పెత్తనం. స్లొవీన్ పల్లె జనం మాట్లాడుకునే భాష. 1550లో ప్రిమోజ్ త్రుబార్ అనే మతబోధకుడు ఆ భాషలో మొదటిసారి పుస్తకాలు అచ్చు వేయించాడు. అందులో ఒకటి అక్షరాలు నేర్పే చిన్న పుస్తకం. రాజ్యం రాకముందే వాళ్ళకు వాచకం వచ్చింది. 1919లో ల్యుబ్ల్యానాలో విశ్వవిద్యాలయం, 1991లో స్వతంత్ర దేశం, 2004లో యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో చోటు, ఇవన్నీ ఆ తర్వాతి మెట్లు. కవి ఫ్రాన్సె ప్రెషెరన్ కన్నుమూసిన ఫిబ్రవరి 8వ తేదీ ఇప్పుడు అక్కడ దేశమంతటా సెలవు. ఒక కవి పేరు మీద జాతీయ సెలవు ఇచ్చే దేశం అది.

భూటాన్‌ది వేరే కథ. అక్కడ చాలాకాలం మాట్లాడేది జోంగ్‌ఖా, రాసేది పాత గ్రంథాల టిబెటన్. మాట్లాడే భాషను రాసే భాషగా మలచుకున్నది ఈ మధ్య కాలంలోనే. ఇప్పటికీ బడుల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనే చెబుతారు. జోంగ్‌ఖా మాత్రం ప్రతి విద్యార్థీ చదవాల్సిన సబ్జెక్టు. ఈ మాట చదివినప్పుడు నాకు మన బడే కళ్ళ ముందు మెదిలింది. లెక్కలు, సైన్సు మనకూ ఇంగ్లీషులోనే. ఇంటి భాషకు ఒక పీరియడు ఉందా లేదా అన్నదే తేడా.

మా లింబాయత్ లెక్క

తెలంగాణ నుంచి నేత పని మీద వచ్చి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలు లింబాయత్ వైపు చాలా ఉన్నాయి. ఎక్కువమంది పద్మశాలీలు. మరమగ్గాన్ని మావాళ్ళు 'సాంచా' అంటారు. గుజరాతీలో 'సంచో' అంటే యంత్రం. పడుగు, పేకలను ఇక్కడ 'తాణో, వాణో' అంటారు. సూరత్ నగరపాలిక బడులు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా నడుస్తున్నాయి. దసరా ముందు మా వీధుల్లో బతుకమ్మలు పేరుస్తారు. అంటే తెలుగు ఇక్కడ లేకపోలేదు.

అయినా మా తమ్ముడు అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతాడు. నేను తెలుగు మాట్లాడతాను గానీ మొన్నటిదాకా చదవలేకపోయేదాన్ని. 21 లక్షల మంది భాషలో విశ్వవిద్యాలయం నడుస్తోంది. 8 కోట్ల మంది భాషలో నేను మా నానమ్మకు ఒక ఉత్తరం రాయలేను. ఎనిమిది కోట్ల సంఖ్య జనగణన పుస్తకంలో ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది ఐదుగురం. మా ఇంట్లో తెలుగు ఉంటుందా పోతుందా అన్నది ఆ ఐదుగురి మీద ఆధారపడి ఉంది. చార్టు పూర్తయ్యేసరికి నాకు తెలిసివచ్చింది ఇదే.

హిందీ, గుజరాతీ, ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. అవి లేకపోతే సూరత్‌లో రోజు గడవదు. భూటాన్ పిల్లలు, స్లొవేనియా పిల్లలు కూడా రెండు మూడు భాషలు నేర్చుకుంటున్నారు. కొత్త భాష నేర్చుకోవడానికి పాతదాన్ని ఖాళీ చేయనక్కర లేదు. మెదడులో చోటు సాంచాల షెడ్డులో చోటు లాంటిది కాదు.

ఈ వ్యాసం మొదట నేను తెలుగు మాటల్లోనే రాశాను, కానీ దేవనాగరి అక్షరాల్లో. అమ్మ ఊళ్ళో ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. వంట అయ్యాక రాత్రి పూట పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యం తెలుగు అక్షరాల్లోకి మార్పించింది. ఒత్తులు తప్పు రాసిన ప్రతిసారీ మళ్ళీ రాయించింది. దాదాపు నెల పట్టింది. మీ ఇంట్లో కూడా అలా నేర్పగలవారు ఒకరైనా ఉండే ఉంటారు. అడిగి చూడండి.

వ్యాసం అయ్యాక నానమ్మకు ఒక కార్డు రాశాను. అది నా మొదటి తెలుగు ఉత్తరం. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. "నానమ్మా, దసరాకు మేము ఊరికి వస్తున్నాం. బతుకమ్మ మనం కలిసి ఆడుదాం." ఈసారి రెండు మాటలూ సరైన చోట పడ్డాయో లేదో అమ్మ రెండుసార్లు చదివి చూసింది.

— 11వ తరగతి విద్యార్థిని, లింబాయత్, సూరత్